అక్షరం తోక

జందీరా బరువు నాకు తెలుసు.
యాభై రెండు కిలోలు, వీపున సంచిలో నాలుగు డబ్బాలు,
జేబులో సగం తిన్న రొట్టె.
కింద నేను, నా మీద క్లెబర్, వాడి భుజాల మీద ఆమె,
ఆమె చేతిలో చీపురు కర్రకు కట్టిన రోలరు.
సావో పౌలోలో ఇద్దరు మనుషుల ఎత్తు దాటిన గోడ
ఎవడిదీ కాదని మా లెక్క.

నల్ల రంగు. నిలువు గీతలు. ఎముకల్లాంటి అక్షరాలు.
దారిన పోయేవాళ్లకు చదవడం రాదు,
రావాలని మేమూ అనుకోలేదు.
పోలీసులకు అర్థమయ్యేది తడి ఒక్కటే.
వేలితో ముట్టి చూసి, అంటుకుంటే
మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు.

వారానికోసారి నగరపాలక సంస్థ బండి,
బూడిద రంగు డ్రమ్ములు, నారింజ చొక్కాలు.
రాత్రి రాసింది మధ్యాహ్నానికి మబ్బు.
అందుకే కెమెరా.
తాకట్టు కొట్లో ఎవరూ విడిపించుకోని పాత జెనిత్
ఆమెకొక రసీదు పుస్తకం, అంతే:
రాశాం, ఉండింది, ఫలానా తేదీ.
ఆ ఫొటోల్లో మనిషనేవాడు లేడు.
ఎవరైనా అడ్డొస్తే పక్కకు జరగమనేది.

బ్రాస్‌లో రైలు పట్టాల పక్కన మూతబడిన బట్టల ఫ్యాక్టరీ.
కప్పు మీంచి తాడు మీద వేలాడి రాసింది.
తాడు పట్టుకున్నది నేను.
నా అరచేతుల్లో ఆ రాత్రి ఇంకా ఉంది.

మూడో రోజు ఫొటో కోసం వెళితే
నాలుగో అంతస్తులోంచి ఒకావిడ తల బయటపెట్టింది.
"రాసింది నువ్వేనా?
దీని తోక నా కిటికీ మీద పడింది.
తెల్లారిందని తెలీక పిల్లాడు పదింటిదాకా లేవడం లేదు.
పైకి రా. తుడిచిపో."
తిట్టలేదు. అదే ఇబ్బందైంది.

అందులో మనుషులున్నారని మాకు తెలీదు.
గోడకు లోపలి వైపు ఒకటుంటుందని
పదకొండేళ్లలో ఒక్కసారీ తట్టలేదు.

చీకటి మెట్లు. అంతస్తుకొక కుళాయి,
కుళాయి మీద వంతుల చీటీ.
బొలీవియా అక్కచెల్లెళ్లిద్దరు జిప్పులు కుడుతూ తలెత్తలేదు.
అన్ని కిటికీలకూ అట్టలు కొట్టేశారు.
అట్ట లేనిది ఆ ఒక్కటే,
సరిగ్గా దాని మీదే మా అక్షరం తోక.

దోనా జెనైడి టర్పెంటైనూ బ్లేడూ ఇచ్చింది, కాఫీ కూడా.
జందీరా గీకింది, తన అక్షరాన్ని తానే,
గోటి వెడల్పున, గోటి వెడల్పున.
పొర లేచినచోట ఒక వెలుగు చీలిక నేల మీద పడి
పరుపు దాకా పాకి, పిల్లాడి కాలికి తగిలింది.
వాడు కాలు వెనక్కి తీసుకున్నాడు.
మళ్లీ పెట్టాడు.
ఆమె బ్లేడు పక్కన పెట్టి కెమెరా తీసింది.
ఎవర్నీ జరగమనలేదు.

ఆ తర్వాత తాడు నా దగ్గరే ఉండిపోయింది.
రెండేళ్లు ఆమె ఆ మెట్లే ఎక్కింది.
కుళాయి దగ్గర గొడవలు తీసింది, కోర్టు నోటీసు తీసింది,
ఖాళీ చేయించిన ఉదయం
తన గది తలుపును విప్పుకుని నెత్తిన మోసుకెళ్లినవాణ్ని తీసింది.
గోడ దిగినవాళ్లు మనవాళ్లు కారన్నాడు క్లెబర్.
నేనేమీ అనలేదు. భుజాలు తేలికయ్యాయి,
అది బాగుందో లేదో ఇప్పటికీ చెప్పలేను.

మొన్న కుట్టుపనివాళ్ల సంఘం హాల్లో
దండేనికి క్లిప్పులు పెట్టి బొమ్మలు వేలాడదీశారు.
ఇన్నేళ్లు నా నెత్తిన నిలబడ్డ మనిషి
ప్రతి బొమ్మా మోకాళ్ల మీద కూర్చుని తీసింది.
కాలి బొమ్మలో, పైమూల, బ్లేడు అందని నల్ల మరక.
కత్తిరిద్దామన్నాడట ముద్రించినవాడు. ఒప్పుకోలేదు.
కింద పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఏడేళ్ల ఎలియెల్ దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.
చెప్పు విప్పి, పాదం ఎత్తి,
కాగితం పక్కన పెట్టి కొలుచుకున్నాడు.
"ఇది నాది కాదు," అన్నాడు,
"నాది పెద్దది."